తొట్టి మీద రెండక్షరాలు

పొద్దున దీపం పెట్టాక నాకొక అలవాటు ఉంది. దండం పెట్టి లేచేముందు, ఇప్పటిదాకా నాకు మేలు చేసినవాళ్లను మనసులో ఒక్కొక్కరినే పిలుచుకుంటాను. కన్నవాళ్లు, అక్షరం దిద్దించిన మా నాయనమ్మ జేజి, నాకు పురుడు పోసిన ముసలమ్మ, ఒకసారి వానలో తన గొంగడి తీసి నా బిడ్డకు కప్పిన గొర్రెల కాపరి. వీళ్లలో కొందరి పేర్లు నాకు తెలియనే తెలియవు. దేవుడికి తెలిస్తే చాలు కదా అనుకుంటాను. ఈ వరసలో కన్నవాళ్ల వెనకాలే వచ్చేది మా బజారు వీధి హోటలు నడిపిన మొగుడూ పెళ్లాలు. కొన్నాళ్లుగా వాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా దండం ఆగిపోతోంది. కోపం అడ్డం వస్తోంది. దేవుడి ముందు కూర్చుని పళ్లు కొరకడం మంచిది కాదని నాకూ తెలుసు. అందుకే ఆ కోపాన్ని ఈ కాగితం మీదికి దించుతున్నాను.

సంగతేమిటంటే, ఆంధ్ర సరిహద్దుకు కర్ణాటక వైపు, కొండ కింద ఉన్న మా తాలూకా ఊళ్లో, పాత బజారు వీధి చివర, కొత్తగా ఒక పెద్ద కట్టడం లేచింది. కింద బట్టల కొట్లు, చెప్పుల కొట్లు, పైన తిండి, ఆ పైన పిల్లల ఆటలు, సినిమా. మెట్లు వాటంతటవే ఎక్కుతాయి. చుట్టుపక్కల చేన్ల మీద సోలారు పలకలు పరిచాక ఊళ్లోకి నాలుగు డబ్బులు వచ్చాయి, డబ్బుల వెంట ఇదీ వచ్చింది. నా కూతురిని ఇచ్చిన ఊళ్లో కూడా చెనిక్కాయ, అదే వేరుశనగ, చేన్లు పోయి నల్లటి అద్దాలు వెలిశాయి. ఆ అద్దాల మీద నాకు కోపం లేదు. ఎండ తప్ప మరేదీ పుష్కలంగా లేని సీమ మాది. ఆ ఎండనే పంటలా కోసుకుంటామంటే కాదనడానికి నేనెవరిని? మా మనవరాలికి అక్కడే ఆఫీసులో పని దొరికింది. సూర్యుడికి మునుపు ఒక దండం పెట్టేదాన్ని, ఇప్పుడు రెండు పెడుతున్నాను.

ఆ మనవరాలే నన్ను ఆ కట్టడం తెరిచిన రోజు బలవంతంగా తీసుకెళ్లింది.

"అవ్వా, మంచి చీర కట్టుకో. లోపలంతా ఏసీ ఉంటాది. ఫొటో తీస్తా."

"మెట్లు కదుల్తాయంట కదే. నేను పడితే?"

"పడితే వీడియో తీస్తా."

కింద షామియానా వేశారు. ఒకాయన మైకు పట్టుకుని అరుస్తున్నాడు. "ఇన్నాళ్లూ మన ఊర్లో ఏముండాది, మీరే చెప్పండప్పా! తినేకి ఒక మంచి చోటుండాదా? కొనేకి చోటుండాదా? పొద్దుపోయేకి చోటుండాదా? ప్రతిదానికీ హిందూపురానికో బెంగుళూరికో పోవాల. ఈ వీధిలో ఏమీ లేదు, ఉత్త దుమ్ము! ఈపొద్దు నుంచి ఆ బాధ లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. నా మనవరాలూ కొట్టింది. నా చేతులు లేవలేదు. ఆయన నిలబడి ఉత్త దుమ్ము అన్న చోట నేను తిన్నాను, తాగాను, చదువు నేర్చుకున్నాను. అక్కడ ఏమీ లేకపోతే మరి నేనెట్లా పెరిగాను?

మా ఇల్లు ఆ వీధి వెనక సందులో ఉండేది. నాయన బట్టల కొట్టు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని కుట్టేవాడు. మధ్యాహ్నం ఆయనకు సంగటి తీసుకెళ్లడం నా పని. ఆ వీధిలో కళ్లు మూసుకుని నడిచినా ఎక్కడున్నానో చెప్పగలిగేదాన్ని. బస్సులు ఆగేచోట డీజిలు వాసన. అది తగ్గి చెనిక్కాయల మండీ దగ్గర మట్టి అంటిన పచ్చికాయల వాసన. బట్టల కొట్టు ముందు కొత్త పంచెల గంజి వాసన. శనివారాల్లో అయితే శనిదేవుని గుడికి వచ్చినవాళ్ల తలల మీదనుంచి నువ్వుల నూనె వాసన వీధంతా జిడ్డులా పాకేది. అన్నిటికీ చివర హోటలు. ఇంగువ, కరివేపాకు పోపులో పడగానే మిషను తొక్కుతున్న మా నాయన కాలు ఒక్క క్షణం ఆగేది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

వీధి చివర మైదానంలో టెంటు సినిమా. ఆట మొదలయ్యే ముందు దేవుని పాట ఒకటి వేసేవాళ్లు. సరిగ్గా దీపాల వేళ. మా జేజికి గడియారం అదే. ఆ పాట వినబడగానే వత్తి వెలిగించి, నా చేత కూడా దండం పెట్టించేది. దాంతో నేను ఆ టెంటును గుడి అనుకున్నాను. ఒకనాడు సంధ్యవేళ ఒక్కదాన్నే వెళ్లి, గుడ్డగోడ ముందు కళ్లు మూసుకుని, చేతులు జోడించి నిలబడ్డాను. లోపల కత్తుల చప్పుడు, ఎవడో వికారంగా నవ్వుతున్నాడు. పక్కనే గంప దించుకుంటున్న గాజులామె నన్ను చూసి కడుపు పట్టుకుంది.

"ఏం పాపా, ఎవరికి మొక్కుకుంటాండావు? ఆ నవ్వేవాడు దొంగ. వానికి మొక్కితే వాడేం వరమిస్తాడు నీకు?"

ఆ గాజులామె నోట్లో మాట పడితే వీధి ఆ చివర నుంచి ఈ చివరకు మాపటికల్లా చేరేది. అందుకే ఆమె సంగతి ముందుగానే చెప్పి పెట్టుకుంటున్నాను.

నన్ను బడికి పంపలేదు. అమ్మకు కాన్పులు, చేతిలో చంటి తమ్ముడు. నేను ఇంట్లో ఉంటేనే పొయ్యి వెలిగేది. పైగా బడిలో కన్నడం. జేజి సరిహద్దుకు అవతలి నుంచి మెట్టినింటికి వచ్చిన మనిషి. "నాకు తెలిసిన అక్షరాలు నా మనవరాలికి నేనే దిద్దిస్తా" అనేది. చాటలో బియ్యం పరిచి, నా వేలు పట్టుకుని రాయించేది. పుస్తకాలు లేవు. చదవడానికి ఉన్నవి బజారు బోర్డులే. అవన్నీ కన్నడంలో ఉండేవి. మన అక్షరాలకు తలకట్టు పిట్ట ముక్కులా పైకి లేస్తుంది. వాళ్లది అడ్డంగా చాచుకుని పడుకుంటుంది. "తెలిసిన అక్షరం కనబడితే పలకరించు. తెలియనిది కనబడితే అదీ మన చుట్టమే అనుకో, నేనెరగను అనద్దు" అని జేజి నేర్పింది. అందుకని నేను సంగటి గిన్నె పట్టుకుని పోతూ బోర్డులన్నిటినీ పలకరించేదాన్ని. తెలిసినవి గట్టిగా, తెలియనివి మింగేస్తూ.

హోటలు బోర్డు మీద మొదటి రెండక్షరాలూ నాకు నోటికి వచ్చు. వాటికి తలకట్టు గొడవే లేదు, ఎటు చూసినా ఒకటే. ఊ. ట. ఊట. ఆ తర్వాత ఉన్నది అప్పట్లో నాకు కొరుకుడు పడలేదు. 'ఊట తయారిదె' అని ఉండేదట. కన్నడంలో ఊట అంటే భోజనం. భోజనం సిద్ధం అని అర్థం. మా ఇంట్లో ఊట అంటే ఒకటే. నేలలోంచి ఊరే నీళ్లు.

ఒక కరువు ఎండాకాలం సందులో బావి అడుగంటింది. బోరింగు నీళ్లు ఉప్పన; పప్పు ఉడికేది కాదు. ఆ నీళ్లే తాగి పళ్లకు పసుపు గారలు పట్టినవాళ్లు, నడివయసులోనే మోకాళ్లు వంగిపోయినవాళ్లు మా సందులోనే ఉండేవాళ్లు. అలాంటప్పుడు తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేక గొంతు కీచుమనేది. ఆసుపత్రి కాంపౌండరు చూసి, "ఈ ఉప్పనీళ్లు పట్టద్దండి. తీపినీళ్లు కాంచి, చల్లార్చి, గుక్క గుక్క పోస్తా ఉండండి" అన్నాడు. తీపినీళ్లు ఎక్కడివి? అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. జేజి దేవుడి గూటి ముందు కూర్చుని లేవలేదు.

హోటలు పెరట్లో తీపినీళ్ల బావి ఉందని పెద్దవాళ్లందరికీ తెలుసు. దానికి తాళం వేసి ఉండేది. కరువులో ఆ నీళ్లుంటేనే ఆ హోటలు, అందుకే తిననివాళ్లు అడిగేవాళ్లు కాదు, అడగలేదని ఎవరూ తప్పూ పట్టేవాళ్లు కాదు. నాకు ఇదేమీ తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ బోర్డు. నీళ్లు లేవు లేవు అని ఇంత ఏడుపు ఎందుకు, ఊట ఉందని వీధిలో అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే? చిన్న బిందె చంకన పెట్టుకుని పరుగెత్తాను.

హోటలు మామ గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎప్పుడో పడమటి కొండల మలెనాడు నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డ మనిషి. మా మాట మాకంటే బాగా మాట్లాడేవాడు.

"ఏం పాపా?"

"ఊట కావాల."

"కూచో, విస్తరాకు ఏయిస్తా."

"ఆకెందుకు? బిందె తెచ్చినా."

బల్లల దగ్గర తింటున్నవాళ్లు చేతులు ఆపారు. మామ నా బిందె వైపు చూశాడు.

"బిందె నిండా ఊటనా! ఎవరికి, పెండ్లివాళ్లకా?"

"మా తమ్మునికి."

"ఎంతుంటాడు మీ తమ్ముడు?"

"చంటోడు. కాంచి పోయాలంట."

"ఊట కాంచి పోస్తారా? యాడ విన్యామప్పా ఇది!"

హోటలంతా నవ్వింది. ఒకాయనకు పొలమారింది. నేను బిక్కమొగం వేసుకుని బోర్డు వైపు వేలు చూపించాను. "ఆడ రాసినారు కదా. ఊట అని. నేను చదివినా. బావిలో లేవు, తమ్ముడు కండ్లు తెరవడం లేదు."

వంటింట్లోంచి హోటలత్త బయటికి వచ్చింది. చేతిలో గరిటె. ఆమె నన్ను చూసింది, బోర్డు చూసింది, మొగుణ్ని చూసింది.

"నగతారేంది అందరూ? బోర్డు రాయించింది మనం. బిడ్డ చదివింది. తప్పు యాడుంది ఇందులో?"

మామ లేచి వాకిట్లోకి వెళ్లి, తన బోర్డును తానే మొదటిసారి చూస్తున్నట్టు తలెత్తి చూశాడు. తర్వాత నడుముకు కట్టుకున్న తాళంచెవి తీసి అత్త చేతిలో పెట్టాడు. "ఉండాదని రాసిపెట్టి, అడిగిన బిడ్డకి లేదనేకి నోరెట్ల వస్తాది? పోసియ్యి."

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. ఎన్నో గుళ్లు తిరిగాను, ఎందరో పెద్దల మాటలు విన్నాను. ఆ మాటకంటే పెద్ద మాట ఇంకొకటి వినలేదు.

ఇంటికి వెళ్తే జేజి బిందె ముట్టలేదు. "యాడివే ఈ నీళ్లు?"

"ఊటవి."

"ఏ ఊటే?"

"హోటల్లో ఊట. బోర్డు మీద ఉండాదిలే, నువ్వే పో, చదువు."

అమ్మ అప్పటికే నీళ్లు పొయ్యి మీద పెట్టింది. జేజి నా చెవి పట్టుకుని మళ్లీ హోటలుకు ఈడ్చుకుపోయింది, క్షమాపణ చెప్పించడానికి. అడుక్కుని తెచ్చానని ఆమెకు తల తీసేసినట్టయింది. అత్త పెరట్లో నీళ్లు తోడుతోంది.

"ఏమ్మా, మా నీళ్లు మీ ఇంటికి పనికిరావా? మడి పోతాదా?" అంది అత్త, చేద ఆపకుండానే.

"నీళ్లు దేవునికే పనికొస్తాయమ్మా. మాకే మొగం లేదు. ఈ పిల్ల ఏం కూసిందో ఏమో."

"అదేం కూయలేదు. చదివింది. పోయి చూడు పో."

జేజి వాకిట్లోకి వచ్చి బోర్డు ముందు నిలబడింది. కళ్లు చికిలించి, పెదవులు కదుపుతూ కూడబలుక్కుంది. ఊ... ట... ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! చాలా రోజుల తర్వాత నవ్వింది. నా చెవి వదిలేసి, ఆ చెవినే నిమిరింది. "నేను దిద్దించిన అక్షరాలే. తప్పేం చదవలేదు ఇది" అంది. ఆ సాయంత్రం దేవుడి గూట్లో చెంబుతో పెట్టిన నీళ్లు హోటలు నీళ్లే. మడి మాట ఆమె మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

తమ్ముడు బతికాడు. ఇప్పటికీ ఉన్నాడు, ఊళ్లో అందరికంటే గట్టి గొంతు వాడిదే.

మరుసటి పొద్దున గాజులామె బిందెతో హోటలు ముందు ప్రత్యక్షం. "ఏమప్పా, ఊట తయారంట కదా. నాకూ ఇంత వడ్డించు. పప్పు అక్కర్లేదు." ఆమె వెనకాల ఇంకో ముగ్గురు. మామ తల పట్టుకున్నాడు గానీ తాళం మళ్లీ వేయలేదు. సందులో ఇంటికొక బిందె పొద్దునపూట అని పద్ధతి పెట్టాడు. మరి దారినపోయేవాళ్లకు? నిడుగల్లు వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చేవాళ్లు, శనివారం గుడికొచ్చేవాళ్లు, టెంటు వదిలాక గొంతెండి వచ్చేవాళ్లు. వాళ్లకోసం పెరట్లో పడి ఉన్న రాతి తొట్టిని దొర్లించుకొచ్చి హోటలు మెట్లకూ రోడ్డుకూ నడుమ పెట్టించాడు. రోళ్లకు గంట్లు కొట్టే మనిషి వీధిలోకి వస్తే పిలిచి, తొట్టి మీద ఊట అని చెక్కమన్నాడు.

"కన్నడమా, తెలుగా సామీ?" అని అడిగాడు ఆ మనిషి, ఉలి తీస్తూ.

"ఎట్ల చదివినా సరే."

అక్షరాలు రోడ్డు వైపు, దూరంనుంచి కనబడేలా చెక్కారు. కానీ రోడ్డు వైపు మురుగు మోరీ ఉండేది, బురద. అందుకని అందరూ మెట్ల వైపు నుంచే ముంచుకునేవాళ్లం. చెంబుకు గొలుసు. మేం పిల్లలం బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో వేసి, ఎవరి బొరుగు ముందు ఆ ఒడ్డుకు చేరుతుందో చూసేవాళ్లం. అత్త గరిటెతో తరిమేది. "తినేదాన్ని ఈతకు వదుల్తారా, మీ నోట్లో మన్ను పడ!" అని తిట్టి, ఆ గరిటెతోనే మాకు ఒంటి మీద నాలుగు చుక్కలు చల్లేది. ఎండకు ఆ చుక్కలు ఎంత హాయిగా ఉండేవో.

ఆ వీధిని స్వర్గం అని చెప్పను. ఆ హోటల్లోనే కొందరు లోపల బల్ల దగ్గర కూర్చోకూడదు, వాళ్ల గ్లాసు బయట గూట్లో వేరుగా ఉండేది. అది నేను కళ్లారా చూశాను. మంచివాడైన మామ దాన్ని మార్చలేదు. కానీ ఆ తొట్టి దగ్గర చెంబు ఒకటే. అది చూసి బట్టల కొట్టాయన ఒకరోజు గొడవకు వచ్చాడు.

"ఎవరెవరో చేతులు పెడతాండారప్పా అందులో. ఒక వరసా వావీ ఉండద్దా?"

"నీ కొట్లో బట్ట పదిమంది తాకి చూసిందే కదప్పా అమ్ముతావు" అన్నాడు మామ. "నీది చెల్లుతాది, నాది చెల్లదా?"

కొట్టాయన గొణుక్కుంటూ పోయాడు. మధ్యాహ్నం ఎక్కిళ్లు పట్టుకుని, అటూ ఇటూ చూసి, అదే చెంబుతో తాగడం మా నాయన మిషను దగ్గర నుంచి చూశాడట. ఆ సంగతి గాజులామెకు మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మనిషి ఊళ్లో ఉండలేకపోయేవాడు.

అన్నం అయిపోయిన రోజు మామ బోర్డు మీద ఒక తుండుగుడ్డ కప్పేవాడు, ఈపూటకు లేదని గుర్తు. తొట్టి మీద మాత్రం ఎన్నడూ గుడ్డ కప్పింది లేదు. ఆ కరువు ఏడాది బావిలో నీళ్లు చాలక మాపటిపూట హోటలు మూసేశారు. తొట్టి మాత్రం నింపారు. అది చేసినవాళ్ల ఊరిని పట్టుకుని, ఇక్కడ ఏమీ లేదు, ఉత్త దుమ్ము అంటాడా ఆ మైకు మనిషి!

తర్వాత నాకు పెళ్లయి నిడుగల్లు వైపు వెళ్లిపోయాను. వచ్చినప్పుడల్లా ఒకటి కనబడేది కాదు. ఒకసారి టెంటు లేదు. ఇంకోసారి బస్టాండు మారిపోయింది. మామ పోయాడు, అత్తను కూతురు తన ఊరికి తీసుకెళ్లింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు హోటలు మెట్లు, వాకిలి పోయాయి. తొట్టి చాలా కాలం మోరీ పక్కన ఒరిగి పడి ఉండేది. ఒకరోజు అదీ కనబడలేదు. ఎవరో ఇంటి పునాదిలో వేసుకున్నారేమో అనుకుని, అక్కడే నిలబడి ఒక దండం పెట్టుకున్నాను.

మళ్లీ ఆ కట్టడం తెరిచిన రోజుకు వస్తాను. మైకు మాటలు విన్నాక మనవరాలు నన్ను కదిలే మెట్ల మీద పైకి తీసుకెళ్లింది. పడలేదు, వీడియో దక్కలేదు దానికి. పైన తినే చోటును పల్లెటూరిలా అలంకరించారు. గోడకు బండిచక్రం. తీగకు వేలాడే చాటలు. నా వేలు అక్షరం నేర్చుకున్న చాటలాంటివే, రంగులు పూసి తలకిందులుగా. వాటి నడుమ, చిన్న చిన్న దీపాల వెలుగులో, మా తొట్టి.

దాన్నిండా ప్లాస్టిక్ పువ్వులు. పక్కన ఒక అట్ట. ముట్టరాదు అని మూడు భాషల్లో.

దగ్గరికి వెళ్లి చూశాను. ఊట. ఉలి దెబ్బలు అలాగే ఉన్నాయి. గుడిలో దేవుణ్ని చూసినట్టు చూస్తూ నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే వెనక కౌంటరు దగ్గర మాటలు వినబడ్డాయి. చంకలో బిడ్డనెత్తుకున్న ఒక పల్లెటూరి పిల్ల అడుగుతోంది.

"అక్కా, బిడ్డకు రవ్వన్ని నీళ్లు ఇస్తారా?"

"బాటిల్ తీసుకోండి."

"గ్లాసులో రవ్వంత చాలక్కా."

"అట్ల లేదు. బాటిలే."

ఆ పిల్ల తలవంచుకుని పక్కకు జరిగింది. నా సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా ఉంది. అది ఆమె చేతిలో పెట్టాను. బిడ్డ గటగటా తాగింది. వాళ్లు వెళ్లిపోయారు. ఊట అని రాసిన తొట్టికి ఇంత దూరంలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో, బిడ్డకు నీళ్లు లేవన్నారు!

ఇస్త్రీ చొక్కా వేసుకున్న మేనేజరును పిలిపించాను. మర్యాదగానే వచ్చాడు.

"ఈ తొట్టి యాడిదప్పా?"

"పాత సామాన్లవాళ్ల దగ్గర దొరికిందమ్మా. ఊట అని చెక్కినారు చూడండి. భోజనం కదా, ఫుడ్ కోర్టుకు భలే సరిపోయింది."

"అది భోజనం కాదు, నీళ్లు. నేను చదివినదాన్ని బట్టి చెక్కినారు. ఇందులో నీళ్లుండాల."

ఆయన నా మనవరాలి వైపు చూశాడు, ఈ ముసలామెకు ఏమైంది అన్నట్టు. "అమ్మా, ఇది డెకరేషను."

"అంటే?"

"చూసేకి."

"దప్పికకు చూసేదేందప్పా?"

"నీళ్లు పోస్తే నేల తడుస్తాది. ఎవరన్నా జారితే మా మీదికొస్తాది."

"అయితే ఆ రెండక్షరాలు చెక్కి తీసేయ్. పువ్వులే పెట్టుకో, నేనేమీ అనను. ఉండాదని రాసిపెట్టి లేదనద్దు. ఈ వీధిలో ఆ అలవాటు లేదు."

"అక్షరాలే కదమ్మా దాని అందం!"

మనవరాలు నా మోచెయ్యి లాగింది. "అవ్వా, రా. అందరూ చూస్తాండారు."

"చూడనీ. చూసేకే కదా ఈడ అన్నీ పెట్టినారు."

నా జీవితంలో నలుగురిలో గొంతు లేపింది అదే మొదలు. బల్లల దగ్గరివాళ్లు తినడం ఆపారు. మేనేజరు చేతులు జోడించాడు. "సరేమ్మా, పెద్దవాళ్లు చెప్తాండారు. ఓనరుతో మాట్లాడతా. మళ్లీ వచ్చినప్పుడు చూడండి, ఏదో ఒకటి చేసింటాం."

నేను పిచ్చిదాన్ని. ఆ మాటకు నా కోపమంతా కరిగిపోయింది. ఇంటికొచ్చాక పొద్దున దండంలో ఆ అబ్బాయిని కూడా చేర్చుకున్నాను. హోటలు మామ, హోటలత్త, వాళ్ల వెనక ఇస్త్రీ చొక్కా మేనేజరు. చిన్నవాడైనా విన్నాడు, చల్లగా ఉండనీ అని. నీళ్లు నింపుతారనే అనుకున్నాను. కనీసం పక్కన ఒక కుండైనా పెడతారనుకున్నాను.

ఒక శనివారం గుడికి వెళ్లి, నువ్వుల దీపం పెట్టి, మనవరాలిని తీసుకుని మళ్లీ వెళ్లాను. తొట్టి అక్కడే ఉంది. పువ్వులూ ఉన్నాయి. అక్షరాలు లేవు. చెక్కి తీయలేదు. తొట్టిని తిప్పి, అక్షరాలున్న వైపును గోడకు పెట్టారు.

నీళ్లూ పోయలేదు, మాటా చెరపలేదు. నేను చదవకుండా చేస్తే చాలనుకున్నారు. బడి మొగం చూడని నాకు, చాటలో బియ్యం మీద దిద్దుకున్న నాకు, చదివినందుకు గోడ అడ్డం పెట్టారు. చదివినందుకే తాళంచెవి తీసిచ్చిన మనిషి తొట్టి అది!

"పోనీలే అవ్వా" అంది మనవరాలు. ఈసారి నా చెయ్యి లాగలేదు. "ఇప్పుడు ఆ పక్క ఏమీ రాసి లేదు కదా. నీకూ కోపముండదు."

నేను తొట్టిని చూస్తూ ఉన్నాను. తిప్పడంతో మెట్ల వైపు ముందుకొచ్చింది. మేమంతా ముంచుకున్న వైపు. అంచు మీద గొలుసు ఒరుసుకున్న గీతలు. వాటి పక్కన రాయి లోపలికి నున్నగా అరిగి, దోసిలిలా పల్లం పడింది. ఎన్ని మణికట్లు ఆనితే రాయి అలా అవుతుంది? గొర్రెలవాళ్లవి, గాజులామెవి, గూట్లో గ్లాసు వేరుగా ఉన్నవాళ్లవి, ఎక్కిళ్ల బట్టల కొట్టాయనవి, బొరుగులు ఈదించిన మావి.

"రాసుండాదే" అన్నాను. "చెయ్యి పెట్టి చూడు."

మనవరాలు అట్ట వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత మణికట్టు ఆ పల్లంలో ఆనించింది. సరిగ్గా పట్టింది. దాని మొగం మారింది. నేనూ పక్కన నా చెయ్యి పెట్టాను. ఎంత ఎండలోనైనా చల్లగా ఉండే రాయి, ఏసీలో ఇంకా చల్లగా ఉంది.

"అమ్మా, ముట్టద్దు!" అని వెనక నుంచి కేక వినబడింది.

మేము చేతులు తియ్యలేదు.